శిలాఫలకం సరే, లెక్క ఎక్కడ?

జిల్లా ఎడిషన్ తిరగేసేవాళ్ళకి బాగా అలవాటైన ఫొటో ఒకటుంది. ప్రభుత్వ బడి ఆవరణ, కొత్త బెంచీలో ఆర్వో ప్లాంటో, పక్కన కంపెనీ అధికారులు, ఎమ్మెల్యేనో ఆయన తరఫు నాయకుడో, ముందు వరుసలో చేతులు కట్టుకున్న పిల్లలు. కింద ‘సీఎస్ఆర్ నిధులతో’, అంటే కంపెనీల సామాజిక బాధ్యత కింద ఇచ్చిన నిధులతో, అన్న ముక్క. ఎంత నిధులు, ఏ ఏడాదివి, ఎవరి చేతుల మీదుగా ఖర్చయ్యాయి అన్న సంగతి ఆ వార్తలో సాధారణంగా ఉండదు. ఏ పత్రికలోనూ పనిచేయని, ఏ పార్టీ జెండా మోయని ఓ మామూలు మనిషి కూర్చుని, ఆ కంపెనీ దాఖలు చేసిన కాగితాలు బయటికి తీసి, కూడికలు వేసి ‘పద్దులో ఇంత ఉంది, ఊళ్ళో ఇంతే కనపడతా ఉందే’ అని అడిగాడనుకోండి. హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా వచ్చే జవాబు ఇంచుమించు ఒకటే: ‘ఇచ్చేదే ఎక్కువ, మళ్ళా లెక్కలడిగేదొకటా?’ ఈ మాట అనేవాళ్ళు కంపెనీ మనుషులే అయితే పట్టించుకోనక్కర్లేదు. హెడ్మాస్టర్లు అంటారు, రిటైరైన ఉద్యోగులు అంటారు, పదిమంది మంచి కోరే పెద్దమనుషులు అంటారు. అందుకే దీన్ని ఖండించాల్సి వస్తోంది. వాళ్ళ మర్యాద మంచిదే, దాన్ని చూపిస్తున్న చోటే తప్పు. ఆ డబ్బు ఏ రకం డబ్బో పొరపాటుగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చిన అభిప్రాయం అది.

ఈ ఊళ్ళున్న శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ పొరపాటు మరీ సహజంగా పుట్టింది. దానమంటే ఏమిటో ఇక్కడి జనం కళ్ళారా చూశారు. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా పల్లెలకు తాగునీటి పథకం కట్టింది. కట్టమని ఏ చట్టమూ చెప్పలేదు. 1969లో మొదలైన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఇళ్ళు కట్టింది, బళ్ళు నడిపింది, ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆసుపత్రి పెట్టింది. దాన్ని నెలకొల్పిన ఫెర్రర్ ఈ కరువు సీమకు రావాలని ఎవరూ శాసించలేదు. అలాంటి చోట బిందె నిండిన ఇల్లాలికి, కాన్పు కుదురుగా జరిగిన కుటుంబానికి ఇచ్చిన చెయ్యి మీద గౌరవం ఉండటంలో వింతేముంది? ఆ గౌరవాన్నే మనం తెలియకుండా కంపెనీ బెంచీల మీదికి కూడా బదిలీ చేసేశాం. విచిత్రమేమంటే ఆ నిజమైన దాతల విషయంలో కూడా లెక్క అడగడం తప్పలేదు. 2011 ఏప్రిల్ 24న సత్యసాయి బాబా కన్నుమూశాక రెండు నెలలు తిరక్కుండానే కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఓ కారులో 35 లక్షల పైచిలుకు నగదు పట్టుబడింది. ఆయన నివాసం యజుర్ మందిరం తలుపులు తీసినప్పుడు 98 కిలోల బంగారం, పదకొండున్నర కోట్ల నగదు లెక్కపెట్టారు. ఆ రోజుల్లో ట్రస్టు లెక్కలు బయట పెట్టాలని గట్టిగా అడిగింది పరాయివాళ్ళు మాత్రమే కాదు, భక్తులు కూడా. అలా అడిగినందుకు వాళ్ళ భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు.

ఇక కంపెనీ ఇచ్చే డబ్బు సంగతి. 2013 నాటి కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ఉంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన ప్రతి కంపెనీ గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సమాజం కోసం ఖర్చుపెట్టాలి. మొదట్లో ఖర్చుపెట్టకపోతే కారణం రాసి ఊరుకునే వీలుండేది. 2021 జనవరి 22 నుంచి ఆ వెసులుబాటు పోయింది. మిగిలిన సొమ్మును గడువులోగా చట్టం చెప్పిన నిధికి జమ చేయాలి, లేదా నడుస్తున్న ప్రాజెక్టు కోసమని విడి బ్యాంకు ఖాతాలో వేసి మూడేళ్ళలో ఖర్చు చూపించాలి. అదీ చేయకపోతే జమ చేయాల్సిన దానికి రెట్టింపో, కోటి రూపాయలో, ఏది తక్కువైతే అంత జరిమానా. ఇవ్వకపోతే జరిమానా పడే డబ్బును దానం అని ఏ నిఘంటువు ప్రకారం అందాం? గుడి హుండీలో వేసిన నోటుకూ మున్సిపాలిటీకి కట్టిన ఇంటి పన్నుకూ ఉన్నంత తేడా ఉంది. ఇంటి పన్ను కట్టినాయన పేరు మీద ఎవరూ శిలాఫలకం వేయరు. ఆ పన్నుతో వేసిన రోడ్డు ఏమైందని అడిగినవాణ్ణి కృతఘ్నుడనీ అనరు.

ఇక్కడ ఓ గట్టి అభ్యంతరం వస్తుంది. ‘పన్ను వేరు, ఇది వేరు. పన్ను కట్టాక మిగిలిన సొంత లాభంలోంచి పెడుతున్నారు, సీఎస్ఆర్ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపించుకోవడానికి కూడా వీల్లేదు కదా’ అంటారు. నిజమే. 2014 ఆర్థిక చట్టం ఆ దారి మూసేసింది. అయితే పక్కన ఇంకో కిటికీ తెరిచే ఉంది. విరాళాలకు పన్ను మినహాయింపు తెచ్చే 80జీ గుర్తింపు ఉన్న ట్రస్టుకు ఇచ్చిన సీఎస్ఆర్ విరాళం మీద మినహాయింపు అడిగిన కంపెనీలకు ఆదాయపు పన్ను ట్రిబ్యునళ్ళు పలుమార్లు అనుకూలంగా తీర్పిచ్చాయి. 22 శాతం తగ్గింపు రేటు ఎంచుకున్న కంపెనీకి ఆ మినహాయింపు దొరకదు, ఆ మాటా చెప్పాలి. కానీ ఆ సొమ్ము అందుకున్న ట్రస్టు మాత్రం తన ఆదాయం మీద పన్ను కట్టకుండా బతికే సంస్థ. ఇక ‘సొంత లాభం’ అన్న మాట. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర ఐదు వందల ఎకరాలకు పైగా నేల కియా కార్ల ఫ్యాక్టరీ అయింది. ఆ నేలను సేకరించి ఇచ్చింది ప్రభుత్వం. కార్ల ప్లాంటుకు నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి వస్తున్నాయి. గొల్లపల్లికి ఆ నీళ్ళు ఎక్కడో శ్రీశైలం వెనక జలాల నుంచి హంద్రీనీవా పంపులు మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తే వచ్చాయి. ఆ పంపుల కరెంటు బిల్లు ప్రజల ఖాతాలోనిదే. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకుని, 2019 జనవరిలో తొలి కారు బయటికి తెచ్చిన కియా ఈ ప్రాంతానికి ఉద్యోగాలు తెచ్చింది, దాని వెనకే అనుబంధ కంపెనీలు వచ్చాయి. ఎవరూ కాదనరు. లాభం ఒక్కడి చెమటే కాదని మాత్రమే నా మాట. కియా పేరు తీసింది అది తప్పు చేసిందని చెప్పడానికి కాదు. ఈ మూడు ఊళ్ళ మధ్య అన్నిటికంటే పెద్ద కంపెనీ అదే గనుక ఏ సూత్రమైనా ముందు దానికి వర్తించాలి, ఆ తర్వాత హిందూపురం పక్కనున్న తూముకుంట, గోళ్ళాపురం పారిశ్రామికవాడల షెడ్ల దాకా.

‘సరే, చట్టమే అయితే అమలు చూసుకోవడానికి అధికారులున్నారు. మధ్యలో ఈయనెవరు?’ అన్నది రెండో మాట. పెద్దమనుషులు ఎక్కువగా నమ్ముకున్న మాట కూడా ఇదే. నా వాదన మొత్తం ఇక్కడే తేలాలి. 2021 ఆగస్టు 25న కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ ప్రశ్నలు జవాబుల రూపంలో ఓ సర్క్యులర్ ఇచ్చింది, నంబరు 14/2021. అందులో ఉన్న సారం ఇది: సీఎస్ఆర్ బోర్డు నడిపించుకునే వ్యవహారం. ఏ ప్రాజెక్టు చేపట్టాలి, ఎలా చేయాలి అన్నదాంట్లో ప్రభుత్వానికి నేరుగా పాత్ర లేదు. ఈ ఏర్పాటంతా సమాచారం వెల్లడించడం మీద ఆధారపడింది. కంపెనీలు దాఖలు చేసిన కాగితాల ద్వారానే ప్రభుత్వం కూడా పర్యవేక్షిస్తుంది. అంటే కలెక్టరేట్‌లో సీఎస్ఆర్ బెంచీలు లెక్కపెట్టే గుమాస్తా ఉండాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు. చట్టం రాసినవాళ్ళు ఇన్‌స్పెక్టర్ బదులు వెల్లడిని ఎంచుకున్నారు. కంపెనీ సీఎస్ఆర్ విధానం, కమిటీ సభ్యులు, ఆమోదించిన ప్రాజెక్టులు వెబ్‌సైట్‌లో పెట్టాలన్నారు. వార్షిక నివేదికలో లెక్క ఇవ్వాలన్నారు. వంద రూపాయల రుసుము కడితే ఏ కంపెనీ దాఖలు పత్రాలనైనా ఎవరైనా చూడొచ్చన్నారు. జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో కంపెనీల వారీగా, జిల్లాల వారీగా అంకెలు పెట్టారు. ఇవన్నీ ఎవరు చదువుతారని పెట్టినట్టు? ‘ఈయనెవరు’ అని మనం అంటున్న ఆ మనిషే చట్టం ఊహించుకున్న కాపలాదారు. అతను చదవకపోతే ఆ పని ఇంకెవరి జీతంలోనూ లేదు. జిల్లా విలేకరి చదవొచ్చు కదా అంటారేమో. అతనికి వార్తల టార్గెట్టుతో పాటు ప్రకటనల టార్గెట్టు కూడా ఉంటుందన్నది మన పత్రికల్లో అందరికీ తెలిసిన రహస్యమే.

ఆడిటర్ల సంగతి చెప్పుకోకుండా దాటడం బాగుండదు. ఆడిటరు చూసేది ఖర్చుపెట్టని సొమ్ము సరైన ఖాతాలోకి, సరైన గడువులో వెళ్ళిందా అని. డబ్బు అనుకున్న పనికే వాడారని ధ్రువీకరించాల్సింది కంపెనీ సొంత ఆర్థిక అధికారి. సోమందేపల్లి బడిలో నీటి యంత్రం పనిచేస్తోందా, లేక మొదటి ఎండాకాలానికే మూలపడిందా అన్నది వీళ్ళిద్దరి బల్ల మీదికీ రాదు. ఆడిటర్ల సంతకం చూసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చన్న నమ్మకాన్ని తెలుగువాళ్ళకు మళ్ళీ ఎవరైనా ఎలా చెప్పగలరో నాకు అర్థం కాదు. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ 2001లో మొదలైంది. గోదావరి జిల్లాల పల్లెల్లో ఆరోగ్యం, మంచినీరు, చదువు అంటూ నిజంగానే పనిచేసింది. 2005 ఆగస్టు 15న అదే కుటుంబం చొరవతో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. ఇవాళ్టికీ ఆ నంబరు మనకు ప్రాణవాయువే. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ పాలనలో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని రామలింగరాజే లేఖ రాశారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆయన్ని దోషిగా తేల్చింది, అప్పీలు వేశారు. ఫౌండేషన్ పనులు బూటకమని నేను అనడం లేదు. అంబులెన్సు నిజం, పుస్తకాలు అబద్ధం. రెండూ ఒకే ఇంట్లో, ఒకే కాలంలో ఉన్నాయి. మంచి పని కళ్ళ ముందు కనిపిస్తోంది కాబట్టి లెక్కలు కూడా మంచివే అయ్యుంటాయనే తర్కం ఆ జనవరి ఉదయమే చచ్చిపోయింది. అయినా ఊరూరా దాన్ని లేపి కూర్చోబెడుతున్నాం.

కాగితం చదవడం అంటే ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం, ఇదేదో పండితుల పని అన్న బెదురు ఉంది కనుక. 2021 తర్వాతి సీఎస్ఆర్ వార్షిక నివేదిక నమూనాలో ప్రతి ప్రాజెక్టుకు ఓ వరుస ఉండేది. పని పేరు, అది కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఏ పద్దు కిందికి వస్తుంది, స్థానిక ప్రాంతమా అవునా కాదా, రాష్ట్రం, జిల్లా, కేటాయించినది, ఖర్చయినది, కంపెనీ నేరుగా చేసిందా వేరే సంస్థ ద్వారా చేయించిందా, ఆ సంస్థ సీఎస్ఆర్ రిజిస్ట్రేషన్ నంబరు. అడ్డంగా ఓ స్కేలు పెట్టి చదువుకుంటే పదో తరగతి లెక్కలు చాలు. ఆస్తులు కట్టిన చోట ఇంకో పట్టిక ఉంటుంది. ఆ భవనమో యంత్రమో ఎక్కడుంది, పిన్‌కోడ్ ఎంత, ఎప్పుడు తయారైంది, ఎంతయింది, ఇప్పుడు ఎవరి పేరున ఉంది అన్నీ రాయాలి. ఎందుకంటే అది కంపెనీ సొంత ఆస్తిగా ఉండకూడదని నిబంధన. హిందూపురం 515201, పెనుకొండ 515110, ధర్మవరం 515671. పట్టికలో ఆ ఆరంకెలు వెతికి, ఆ చిరునామా దగ్గరికి నడిచి వెళ్ళి చూసి రావడానికి ఏ డిగ్రీ కావాలి? చదివేవాడికి తెలియాల్సిన చిన్న మెలికలు కొన్ని ఉన్నాయి. శ్రీ సత్యసాయి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందటి పద్దుల్లో ఈ ఊళ్ళన్నీ అనంతపురం కిందే ఉంటాయి, రెండు పేర్లతోనూ వెతకాలి. జిల్లా రాయాల్సిన గడిలో ‘పాన్ ఇండియా’ అని రాసి ఉంటే ఆ డబ్బు ఏ ఊరికీ జవాబు చెప్పనక్కర్లేని డబ్బు. దాని దగ్గర పెన్సిల్‌తో ఓ గీత గీసి పెట్టుకోవాలి.

‘ఉండేది’ అని పైన అన్నాను. దానికి కారణం ఉంది. 2022 సెప్టెంబరు 20న నిబంధనలు సవరించి, బోర్డు నివేదికలో ప్రాజెక్టుల వారీ పట్టికలను ఎత్తేశారు. ఇప్పుడు అక్కడ మొత్తం అంకెలే మిగిలాయి. వివరాలు విడిగా దాఖలు చేసే సీఎస్ఆర్-2 ఫారంలోకి వెళ్ళాయి. పిన్‌కోడ్ ఉన్న ఆస్తుల పట్టిక మాత్రం బతికింది. దానికి రెండు నెలల ముందే, జులైలో, విదేశీ విరాళాలు తీసుకునే స్వచ్ఛంద సంస్థల వార్షిక రిటర్నులు కేంద్ర హోంశాఖ వెబ్‌సైట్ నుంచి మాయమయ్యాయి. మూడు నెలలకోసారి తమ జమలు బహిరంగం చేయాలన్న నిబంధన కూడా అప్పుడే పోయింది. కంపెనీలకు కాగితం భారం తగ్గించామని చెప్పుకోవచ్చు, నిజంగా కొంత తగ్గింది కూడా. తగ్గింది ఎవరి కళ్ళ ముందు నుంచి? ఒకే ఏడాదిలో రెండు కిటికీలకు పరదాలు పడ్డాయి. 2025లో ఆర్డీటీ విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ కాక చిక్కులో పడితే అనంతపురం జిల్లా జనం రోడ్ల మీదికి వచ్చారు. వాళ్ళకి ఆ సంస్థ పని తెలుసు గనుకే వచ్చారు. లెక్క తెలియనివ్వని సంస్థ కోసం రేపు ఎవరు వస్తారు? పరదా వల్ల నష్టపోయేది మొదట నిజాయితీగా పనిచేసే సంస్థే అన్న సంగతి ‘అడక్కూడదు’ అనేవాళ్ళకి తోచదు.

ఈ కథలో అసలు తలుపు ఇంకా ముందుంది. కంపెనీలు చాలావరకు తమ పేరు మీదే ఓ ఫౌండేషన్ పెట్టుకుంటాయి. చట్టం ఒప్పుకుంటుంది. బయటి సంస్థకు ఇవ్వాలంటే ఆ సంస్థకు మూడేళ్ళ అనుభవం ఉండాలి గానీ కంపెనీ సొంతంగా పెట్టుకున్నదానికి ఆ షరతు లేదు. కంపెనీ చెక్కు రాసి ఫౌండేషన్‌కు ఇచ్చినంత మాత్రాన ఖర్చయినట్టు కాదు, ఫౌండేషన్ వాడాకే ‘ఖర్చయింది’. కానీ వాడారనడానికి కంపెనీ సొంత ఆర్థిక అధికారి మాటే ఆధారం. ఫౌండేషన్ నిజంగా ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి ఇచ్చింది అన్నది ఫౌండేషన్ పుస్తకాల్లో ఉంటుంది. ఆ ఫౌండేషన్ లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ అయితే అదే వంద రూపాయలతో చూడొచ్చు. ట్రస్టుగా రిజిస్టర్ అయితే దాని ఆడిట్ నివేదిక ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది, అక్కడే ఆగిపోతుంది. సమాచార హక్కు కింద అడుగుదామంటే ప్రభుత్వ నిధులు గణనీయంగా అందే సంస్థలకే ఆ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2013లోనూ, 2019లోనూ చెప్పింది. కంపెనీ డబ్బు ప్రభుత్వ నిధి కాదు కనుక తలుపు మూసే ఉంటుంది. ఒకవైపు పన్ను లేకుండా ఆదాయం పొందే హక్కు ప్రజల ఖర్చున దొరికింది. మరోవైపు ఆ ఆదాయం లెక్క ప్రజలకు దొరకదు. నా దృష్టిలో మొత్తం సీఎస్ఆర్ వ్యవస్థలో ఇంతకంటే పెద్ద లోపం లేదు. మర్యాద పేరుతో మనం మౌనంగా ఉండటం వల్ల కొనసాగుతున్న లోపం ఇది.

అన్ని దేశాల్లో ఇలా లేదు. అమెరికాలో పన్ను మినహాయింపు పొందే ప్రతి ప్రైవేటు ఫౌండేషన్ ఏటా 990-పీఎఫ్ అనే రిటర్ను వేయాలి, ఎవరికి ఎంత ఇచ్చారో వరుసగా రాయాలి, అడిగినవాళ్ళకి చూపించాలి. 2016లో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి డేవిడ్ ఫారెన్‌థోల్డ్ డొనాల్డ్ ట్రంప్ ఫౌండేషన్ కాగితాలు అలాగే చదివాడు. ఆ సేవా నిధి నుంచి 25,000 డాలర్లు ఓ రాజకీయ బృందానికి వెళ్ళిన సంగతీ, ట్రంప్ నిలువెత్తు చిత్రపటం కొనడానికి 20,000 డాలర్లు పోయిన సంగతీ బయటపడ్డాయి. 2019లో న్యూయార్క్ కోర్టు 20 లక్షల డాలర్లు కట్టమంది, ఫౌండేషన్ మూతపడింది. ఫారెన్‌థోల్డ్‌కు పులిట్జర్ వచ్చింది, కానీ అతను తెరిచిన ఫారాలు అయోవాలో రైతు కూడా తెరవగలిగినవే. అమెరికా ఊసు మనకెందుకంటారా, దక్షిణ కొరియాకు వెళ్దాం, మనకు ఇప్పుడు అది దగ్గరి చుట్టమే కదా. అక్కడ సేవా సంస్థల వార్షిక లెక్కలను జాతీయ పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. పెద్ద కంపెనీల ఆడిట్ నివేదికలు ‘డార్ట్’ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎర్రమంచిలో కారు చేసే కంపెనీ పుట్టింట్లో రోజూ చూసే సూర్యుడే అది. ఇక్కడ అదే వెలుతురు అడిగితే మనమే మొహం చిట్లిస్తున్నాం.

దాంతోనే మూడో అభ్యంతరానికి జవాబు దొరుకుతుంది. ‘ఇలా గీరుతూ పోతే పెట్టుబడులు పారిపోతాయి.’ ఈ భయాన్ని వెక్కిరించను. 2020 ఫిబ్రవరిలో కియా తమిళనాడుకు తరలిపోవచ్చని రాయిటర్స్ ఓ వార్త వేస్తే, కంపెనీ, ప్రభుత్వం రెండూ ఖండించినా, పెనుకొండ టీ కొట్ల దగ్గర కొన్నాళ్ళు వేరే మాట లేదు. కానీ ఆ వార్త ఎత్తింది రాయితీల గురించి, ప్రభుత్వ విధానాల మార్పుల గురించి. పక్క రాష్ట్రానికి వెళ్ళినా అదే 135వ సెక్షన్, అదే 2 శాతం, అవే ఫారాలు. ఎవరో ఆ ఫారాలు చదివారని ఫ్యాక్టరీ లేపుకుపోయే కంపెనీ లేదు. ఈ ప్రాంతాన్ని నిజంగా ముంచింది మరొకటి. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో పోయాయి. ఉద్యోగాలు వస్తాయన్నారు. ఆ భూముల్లో కొంత బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్ళింది, వ్యవహారం సీబీఐ ఛార్జిషీటు దాకా వచ్చింది. కాగితాలు మొదటే ఎవరైనా కూర్చుని చదివుంటే ఏమయ్యేదో చెప్పలేం. చదవకపోతే ఏమైందో మాత్రం హిందూపురానికి తెలుసు.

ఇక తప్పుగా చదివే ప్రమాదం. ఎదుటివాళ్ళ వాదనల్లో నిజమైన బలం ఉన్నది దీనికే. ఖర్చుకాని సొమ్ము కనపడగానే ‘మింగేశారు’ అని అరిచేవాళ్ళు ఉంటారు. నడుస్తున్న ప్రాజెక్టుకు మూడేళ్ళ గడువు ఉందని వాళ్ళకి తెలియదు. 2 శాతం లెక్క పత్రికలో వచ్చే లాభం మీద కాదు, 198వ సెక్షన్ ప్రకారం కట్టిన లాభం మీద. కొత్త ప్లాంటుకు తొలి ఏళ్ళలో లాభమే లేకపోతే బాధ్యత సున్నా కావచ్చు. ఒక ఏడాది ఎక్కువ పెట్టినవాళ్ళు తర్వాతి మూడేళ్ళలో దాన్ని తగ్గించుకోవచ్చు. ఇవేమీ చూడకుండా పేర్లు రోడ్డుకీడ్చేవాడు తన మాటకు తాను బాధ్యుడు, పరువు నష్టం దావా ఎదుర్కోవాల్సిందే. రాసేముందు కంపెనీకి ప్రశ్న పంపి జవాబు కోసం ఆగడం కనీస ధర్మం. ఇందులో ఏదీ చదవొద్దనడానికి కారణం కాదు. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళ రైతు కాటా ముల్లు వైపు కన్నార్పకుండా చూస్తాడు. ఓసారి తప్పుగా చదివి గొడవపడినా మళ్ళీ తూచి చూపిస్తారు గానీ ఇకమీదట కాటా వైపు చూడొద్దని అతనికి ఎవరూ చెప్పరు. పైగా ఇక్కడ లెక్క కాగితం మీద ఉంది. ఒకడు తప్పు కూడితే ఇంకొకడు సరిగ్గా కూడి చూపించగలడు. తప్పు ఆరోపణను తిప్పికొట్టడానికి కంపెనీకైతే ఒక్క పట్టిక చాలు.

సమాచార హక్కు పేరు చెప్పి బెదిరించి డబ్బులు గుంజేవాళ్ళు ఉన్నారు కదా అని మరో మాట. ఉన్నారు. మండల ఆఫీసుల చుట్టూ తిరిగే ఆ జాతిని ఎవరూ సమర్థించరు. వాళ్ళ వ్యాపారం దేని మీద నడుస్తుందో గమనించండి. తన చేతిలో ఉన్న కాగితం బయటికి రాకుండా ఉండటానికే వాళ్ళు బేరం ఆడతారు. అందరికీ కనిపించే కాగితానికి బేరమే లేదు. లెక్క చదివి, మూల పత్రంతో సహా బహిరంగంగా పెట్టినవాడు ఆ దొంగ బేరగాళ్ళ నోట్లో మట్టి కొట్టినవాడు. కాగితాలు దాచే కొద్దీ పెరిగేది వాళ్ళ రేటే.

ఇన్ని అడ్డంకులు దాటి చదివితే దొరికేది ఏదో కుంభకోణమే కానక్కర్లేదు. చాలాసార్లు అక్రమమేమీ దొరకదు. దొరికేది ఓ రాజకీయ ప్రశ్న. 2020-21 నుంచి దేశంలో సీఎస్ఆర్ ఖర్చు ఏటా 25 వేల కోట్ల పైనే. అందులో మహారాష్ట్ర వాటా అందరికంటే ముందుంటుంది, కంపెనీలు అక్కడున్నాయి గనుక. కంపెనీ పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలో ఉంది, ‘స్థానికం’ అంటే ఎంత దూరమో మాత్రం చెప్పలేదు. అది సూచనే తప్ప తప్పనిసరి కాదని పైన చెప్పిన సర్క్యులరే తేల్చేసింది. మరి ధర్మవరం సంగతి? మగ్గాల ఊరది. పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది, పేరుంది, కానీ 5 కోట్ల లాభం దాటే కంపెనీ మగ్గం గుంతలో పుట్టదు. ఫ్యాక్టరీ ఉన్న పెనుకొండకు స్థానికత వర్తిస్తే, పక్కనే ఉన్న ధర్మవరం నేతగాడు ఎవరికి స్థానికుడు? హిందూపురంలో షెడ్డు పెట్టి బెంగళూరులో రిజిస్టర్డ్ ఆఫీసు ఉంచుకున్న కంపెనీకి తన ఊరు ఏది? ఇవి బోర్డు గదిలో తేలిపోతున్న ప్రశ్నలు. అంకెలు చేతిలో ఉన్నప్పుడే వీటిని బయట అడగగలం. అంకెలు లేకపోతే మనం చేయగలిగేది ఎమ్మెల్యే చుట్టూ తిరిగి ‘అన్నా, మా బడికి కూడా ఓ ఆర్వో ప్లాంటు వేయించన్నా’ అని బతిమాలుకోవడమే. నాకు ఆ దృశ్యమే ఎక్కువ అవమానంగా అనిపిస్తుంది, లెక్క అడగడం కంటే.

కోరాల్సినవి పెద్దవేం కావు. 2022లో ఎత్తేసిన ప్రాజెక్టుల వారీ పట్టికను, జిల్లా గడితో సహా, బోర్డు నివేదికలో తిరిగి పెట్టాలి. సీఎస్ఆర్ డబ్బు తీసుకునే ప్రతి ట్రస్టు, సొసైటీ తన ఆడిట్ లెక్కలను తెలుగులో కూడా తన వెబ్‌సైట్‌లో ఉంచాలి, లేకపోతే దాని రిజిస్ట్రేషన్ నంబరు రద్దు చేయాలి. కలెక్టరు సీఎస్ఆర్ పనికి రిబ్బన్ కత్తిరించే ముందు కంపెనీ నుంచి ఎంత, ఏ ఏడాది, ఏ సంస్థ ద్వారా అన్న మూడు వాక్యాల పత్రం తీసుకుని బడి నోటీసు బోర్డుకు అంటించాలి. దీనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, పుట్టపర్తి కలెక్టరేట్ నుంచి ఓ మెమో చాలు. ఈలోగా చదివేవాళ్ళు చదవొచ్చు. మామూలుగా కంపెనీల వార్షిక సమావేశాలు సెప్టెంబరు 30 లోపు అయిపోవాలి, ఆ తర్వాత 30 రోజుల్లో ఏఓసీ-4 అనే ఫారంతో పాటు బోర్డు నివేదిక దాఖలు కావాలి. నవంబరు మొదటి వారంలో వంద రూపాయలు, ఓ గంట తీరిక ఉన్న ఎవరైనా మొదలుపెట్టడానికి ఆస్తుల పట్టికలో 515110 మంచి చోటు.